బరువు తగ్గింది సరే, తగ్గిందేమిటి?

మా పెద్దమ్మ బరువు రాసిపెట్టిన పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. ఎడమ పక్క తేదీ, కుడి పక్క కిలోలు, అంతే. మొదటి అంకె 81. అయిదు నెలలకి 75. అక్కణ్ణించి మూడు నెలలపాటు వరసగా 75, 75, 75న్నర, 75. ఆ వరస చూసుకుని మాకెంత ఊరట కలిగిందో! "బరువు నిలబడింది" అని చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పాం.

నిలబడింది బరువొక్కటే. పెద్దమ్మ నిలబడలేకపోయేది. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించి, ఒంటిని ఒకసారి ముందుకీ వెనక్కీ ఊపి, ఆ ఊపులో లేచేది. మొదట్లో ఒక ఊపు సరిపోయేది. తర్వాత రెండు కావలసి వచ్చాయి. మంచినీళ్ళ సీసా మూత తిప్పలేక మాట్లాడకుండా నా వైపు చాపేది. వేలికి ఉంగరం జారిపోతోందని లోపలి వైపు దారం చుట్టుకుంది. నెల తిరిగేసరికి ఆ దారం మీద ఇంకో వరస చుట్టాల్సి వచ్చింది. ఇవేవీ నా పుస్తకంలో లేవు. రాయాలని తోచలేదు. సాయంత్రానికి పాదాలు ఉబ్బి చెప్పులు పట్టకపోతే, కూర్చుని కూర్చుని వాచాయనుకున్నాం. ఒంట్లో నీరు చేరుతోందనీ, తక్కెడ మీద ఆ నీరు కూడా కిలోల్లోనే తూగుతుందనీ మాకెవరికీ తట్టలేదు.

పెద్దమ్మ మొదట్నించీ బొద్దు మనిషి. పెద్దపేగు క్యాన్సర్ అని తేలేనాటికి, ఎత్తుకి బరువు ఎంత ఎక్కువో తక్కువో చెప్పే బీఎమ్‌ఐ 31.6. కీమో నడుస్తుండగా అది 29.3కి దిగింది. "ఊబకాయం లెక్కలోంచి బయటపడ్డారు, మంచిదే" అని చికిత్స చేస్తున్న చోటే ఒకరు అన్నారు. ఆ మాటన్నవాళ్ళ మీద ఇప్పుడు నాకు కోపం లేదు. మేమూ అదే అనుకున్నాం కాబట్టి. చూడవచ్చినవాళ్ళు కూడా "ఒళ్ళు తగ్గింది, మొహంలో కళ వచ్చింది" అనేవారు. ఆరునెలల్లో ఏ కసరత్తూ చేయకుండా, కోరి ఏదీ మానకుండా ఒళ్ళు తగ్గితే అది శుభవార్త కాదని చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు.

నేను ఈ వ్యాసం రాస్తున్నది అందుకే. క్యాన్సర్ వచ్చిన మనిషిని బరువెంత అని అడిగితే సగమే అడిగినట్టు. ఆ బరువులో కండ ఎంత, కొవ్వు ఎంత, నీరు ఎంత అన్నది మిగతా సగం. మనిషి ఎన్నాళ్ళు బతుకుతుంది, మందుని ఎంత తట్టుకుంటుంది అన్నవాటితో ఆ మిగతా సగానికే దగ్గరి సంబంధం ఉంది. దానికి జవాబు చాలామంది రోగుల స్కాన్‌లో అప్పటికే ఉంటుంది. కొత్తగా సూది గుచ్చక్కర్లేదు, ఇంకో పరీక్ష చేయించక్కర్లేదు. ఉన్నదాన్ని చదవాలి, అంతే. ఎందుకు చదవడం లేదన్నదే నా బాధ.

పెద్దమ్మ పోయాక, స్కాన్ సీడీలు రెండూ పట్టుకుని, తెలిసిన రేడియాలజీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మొదటిది జబ్బు బయటపడ్డప్పుడు తీసింది. రెండోది ఎనిమిది నెలల తర్వాతది. ఆయన రెండింట్లోనూ ఒకే చోట ఆపి, పక్కపక్కన పెట్టారు. నడుం భాగంలో అయిదు వెన్నుపూసలుంటాయి. వాటిలో పైనుంచి మూడోది. దాన్ని ఎల్3 అంటారు. ఆ పూస దగ్గర మనిషిని అడ్డంగా కోసినట్టు కనిపించే ఒక్క బొమ్మ చాలు. అందులో కనిపించే కండ వైశాల్యాన్ని బట్టి ఒంట్లో మొత్తం కండ ఎంతుందో బాగా దగ్గరగా అంచనా కట్టొచ్చు.

సీటీ యంత్రం ఒంట్లో ప్రతి చుక్కకీ సాంద్రతని బట్టి ఒక అంకె ఇస్తుంది. నీటికి సున్న, గాలికి మైనస్ 1000. హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లంటారు వీటిని. మైనస్ 29 నుంచి 150 దాకా వచ్చేదాన్ని కండగా లెక్కేస్తారు. కొవ్వు అంతకన్నా కింద, మైనస్ 100 చుట్టుపక్కల ఉంటుంది. డాక్టరుగారు కండ ఉన్నంత మేరా ఎర్రరంగు పూశారు. మొదటి బొమ్మలో వెన్నుపూసకి అటూ ఇటూ రెండు గుండ్రటి కండలు నిండుగా ఉన్నాయి. వీపు వైపు రెండు మందపాటి దిమ్మలు, పొట్ట చుట్టూ పట్టీలా ఇంకొన్ని. రెండో బొమ్మలో ఆ గుండ్రటి కండలు నలిగిన ఆకుల్లా ఉన్నాయి. వీపు దిమ్మల మధ్య నల్లటి చారలు పాకాయి. ఆ చారలు కొవ్వు. కండ కరగడం ఒక్కటే కాదు, మిగిలిన కండలోకి కొవ్వు చొరబడింది. చుట్టూ ఉన్న కొవ్వు పొర మాత్రం రెండు బొమ్మల్లోనూ ఇంచుమించు ఒకేలా ఉంది.

లెక్క కట్టారు. మొదటి బొమ్మలో కండ వైశాల్యం 110 చదరపు సెంటీమీటర్లు, రెండో దాంట్లో 88. పెద్దమ్మ ఎత్తు 160 సెంటీమీటర్లు. ఎత్తుని మీటర్లలోకి మార్చి, దాని వర్గంతో భాగిస్తే మొదటిది 43, రెండోది 34.4. ఆడవాళ్ళకి 38.5, మగవాళ్ళకి 52.4 కన్నా తగ్గితే ప్రమాదమని 2008లో కెనడా పరిశోధకులు ఒక గీత గీశారు. జాతిని బట్టి, జబ్బుని బట్టి ఆ గీత మారుతుంది కాబట్టి దాన్ని రాతిమీద గీతలా చూడకూడదని ఆయన హెచ్చరించారు. కానీ గీత ఎక్కడున్నా, అదే మనిషిలో ఎనిమిది నెలల్లో అయిదో వంతు కండ పోయిందన్నది మారదు. బరువు తగ్గింది చూస్తే పదమూడో వంతు కూడా కాదు.

నేను ఆ తెర ముందు చాలాసేపు కూర్చుండిపోయాను. ఆ రెండో స్కాన్ తీసిన రోజు నాకు గుర్తుంది. రిపోర్టు రెండు పేజీలు వచ్చింది. గడ్డ ఎంతుంది, కాలేయంలో ఏమైనా ఉందా, లింఫు గ్రంథులు ఉబ్బాయా, అన్నీ రాశారు. కండ గురించి ఒక్క వాక్యం లేదు. రాయమని ఎవరూ అడగరు గనక రాయరు. తప్పు ఏ ఒక్కరిదీ కాదు, అలవాటుది.

ఇది నా ఒక్కదాని అనుభవం మీద కట్టిన వాదన కాదు. 2008 నాటి ఆ కెనడా పరిశోధనలో ఊపిరితిత్తుల, జీర్ణవ్యవస్థ క్యాన్సర్లున్న 250 మంది ఊబకాయుల స్కాన్లు చూశారు. వాళ్ళలో సుమారు 15 శాతం మందికి, అంత ఒళ్ళు ఉండి కూడా, కండ బాగా తక్కువగా ఉంది. మిగతా ఊబకాయులతో పోలిస్తే వాళ్ళకి చావు ముప్పు నాలుగు రెట్లు. 2013లో అదే దేశం నుంచి 1,473 మందితో ఇంకా పెద్ద పరిశోధన వచ్చింది. బరువు తగ్గడం, కండ తక్కువగా ఉండడం, కండలో కొవ్వు చేరడం, ఈ మూడూ ఉన్నవాళ్ళలో సగం మంది 8.4 నెలలకే పోయారు. మూడింట్లో ఏదీ లేనివాళ్ళలో సగం మంది పోవడానికి 28.4 నెలలు పట్టింది. నన్ను కట్టిపడేసింది ఆ తేడా ఒక్కటే కాదు. మూడూ ఉన్నవాళ్ళు సన్నగా ఉన్నా లావుగా ఉన్నా లెక్క అదే, 8.4 నెలలే. మనం కంటితో చూసి, తక్కెడ మీద తూచి చెప్పుకునే ధైర్యమంతా అక్కడ ఎందుకూ కొరగాలేదు.

ముదిరిన జబ్బులోనే ఇలా ఉంటుందేమో అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. 2018లో రొమ్ము క్యాన్సర్ వచ్చిన 3,241 మంది ఆడవాళ్ళ స్కాన్లు చూశారు. అందరిదీ వేరే అవయవాలకి పాకని జబ్బే. అలాంటివాళ్ళలోనూ 34 శాతం మందికి కండ తక్కువ. వాళ్ళలో చావు ముప్పు మిగతావాళ్ళ కన్నా 41 శాతం ఎక్కువ. బీఎమ్‌ఐ ఒక్కదాన్నీ చూస్తే ఆ తేడా కనిపించనే లేదు. రొమ్ము క్యాన్సర్ కీమోలో చాలామంది బరువు పెరుగుతారు కూడా. "ఒళ్ళు చేసింది, మందు పడింది" అని ఇంట్లోవాళ్ళు మురిసిపోతారు. పెరిగింది కొవ్వూ, తరిగింది కండా కావచ్చు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కి హార్మోన్ ఆపే మందులు వాడే మగవాళ్ళలోనూ ఇదే వరస. పైకి నిండుగా కనిపిస్తారు, మెట్లెక్కేటప్పుడు రెయిలింగు పట్టుకుంటారు.

అసలు బీఎమ్‌ఐ అన్న లెక్క పుట్టిందే వేరే పనికి. 1830లలో బెల్జియం గణిత శాస్త్రజ్ఞుడు కెటెలె, జనాభాలో సగటు మనిషి ఎలా ఉంటాడో చూడడానికి బరువుని ఎత్తు వర్గంతో భాగించాడు. 1972లో ఆన్సెల్ కీస్ దానికి ఇప్పటి పేరు పెట్టాడు. వేలమందిని ఒక గుంపుగా చూడడానికి అది పనికొస్తుంది. ఎదురుగా కుర్చీలో కూర్చున్న ఒక్క మనిషి ఒంట్లో ఏముందో చెప్పమంటే చెప్పలేదు.

ఇక్కడే ఒక ఇరకాటం ఉంది. ఒంట్లో అధిక కొవ్వుకి కనీసం 13 రకాల క్యాన్సర్లతో సంబంధం ఉందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో చెప్పింది. కానీ జబ్బు వచ్చాక చూస్తే, కొన్ని క్యాన్సర్లలో కాస్త లావుగా ఉన్నవాళ్ళే ఎక్కువకాలం బతికినట్టు లెక్కలు కనిపిస్తాయి. దీన్ని పట్టుకుని కొందరు "ఒళ్ళుంటే మంచిదే" అంటారు. ఇంకొందరు ఆ లెక్కలే తప్పంటారు. నాకు రెండు మాటలూ తొందరపాటుగానే అనిపిస్తాయి. జబ్బు వల్ల అప్పటికే చిక్కిపోయినవాళ్ళు సన్నవాళ్ళ గుంపులో చేరి ఆ గుంపు లెక్కని కిందికి లాగుతారు. పైగా బరువున్న మనిషికి ఆ బరువుని మోసే కండ కూడా ఎక్కువే ఉండడం మామూలు. అంటే కాపాడుతున్నది కొవ్వా, దాని చాటున ఉన్న కండా అన్నది బరువుని చూస్తే తెలియదు. మళ్ళీ స్కాన్ దగ్గరికే రావాలి.

ఇప్పుడు మందు సంగతి. ఇది చాలామందికి తెలియదు, నాకూ తెలియదు. కీమో మందుల్లో చాలావాటి మోతాదు ఒంటి ఉపరితల వైశాల్యాన్ని బట్టి నిర్ణయిస్తారు. ఎత్తూ బరువూ వేస్తే ఆ అంకె వస్తుంది. దీనికి మొదటి సూత్రం 1916లో డ్యుబోయిస్ అన్న ఇంటిపేరున్న ఇద్దరు కట్టారు. తొమ్మిదిమందిని కొలిచి కట్టారు. తర్వాత వేరే సూత్రాలు వచ్చినా పద్ధతి అదే. వాటిలో మోస్టెల్లర్ అనేదానితో పెద్దమ్మకి వేసి చూశాను. 81 కిలోలప్పుడు 1.90 చదరపు మీటర్లు, 75 అప్పుడు 1.83. అంటే మోతాదు 4 శాతం తగ్గాలి. కండ తగ్గింది 20 శాతం. మందు ఒంట్లో పరుచుకునేది ఎక్కువగా కండ, అవయవాలు ఉన్న భాగంలోనే అయితే, అదే మోతాదు తక్కువ కండ మీద ఎక్కువ బరువుగా పడుతుంది. కండ తక్కువున్నవాళ్ళకి దుష్ప్రభావాలు ఎక్కువని 5-ఎఫ్‌యూ లాంటి మందుల్లో చూశారు కూడా.

పెద్దమ్మ మింగిన కేపసిటబిన్ మాత్రలు ఒంట్లోకి వెళ్ళాక ఆ 5-ఎఫ్‌యూగానే మారతాయి. మూడో విడతకి అరచేతులు ఎర్రబడి, పొర పొరగా ఊడిపోయాయి. గ్లాసు పట్టుకోలేక రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని తాగేది. విరేచనాలు పట్టుకుని వారం పాటు లేవలేదు. రెండు విడతలు వాయిదా పడ్డాయి, ఒకటి సగం మోతాదుకి దించారు. "అందరికీ ఇచ్చేదే, ఈవిడ తట్టుకోలేకపోతున్నారు" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. తట్టుకోలేకపోవడం ఆవిడ బలహీనత అన్నట్టు. కండ తక్కువ అవడం వల్లే అలా అయిందని నేను రుజువు చేయలేను. అలాంటి మనిషికి ముందే జాగ్రత్త పడాలనిపించేంత సమాచారం మాత్రం ఆ సీడీలోనే ఉంది.

ఇంట్లో జరిగిన గొడవ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది ప్రతి ఇంట్లో జరుగుతుంది. చిక్కిపోవడానికి కారణం తినకపోవడమే అని మేం గట్టిగా నమ్మాం. కంచం ముందు రోజూ యుద్ధమే. బుజ్జగించడం, బతిమాలడం, చివరికి కసురుకోవడం. "నీ కోసం కాకపోతే మా కోసం తిను పెద్దమ్మా" అని ఒకరోజు నేను ఏడ్చేశాను. ఆవిడ ముద్ద చేతిలోనే పట్టుకుని, "నేను తినకపోవడం కాదే, లోపలికి పోవట్లేదు" అంది. నా కళ్ళల్లోకి చూడకుండా అంది, తప్పు చేసినట్టు.

ఆ తప్పు ఆవిడది కాదు. మామూలుగా పస్తులుంటే ఒళ్ళు తెలివిగా నడుచుకుంటుంది. కొన్ని రోజుల్లోనే కొవ్వుని కరిగించుకుని బతకడం నేర్చి, కండని దాచుకుంటుంది. క్యాన్సర్‌లో ఆ పొదుపు జరగదు. గడ్డ వల్లా, దానితో పోరాడే రోగనిరోధక కణాల వల్లా ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి వాపు రసాయనాలు పెరుగుతాయి. అవి కండలోని మాంసకృత్తులని విరగ్గొట్టే యంత్రాంగాన్ని తట్టి లేపుతాయి. కాలేయం ఆ ముక్కలతో వాపుకి సంబంధించిన ప్రోటీన్లు తయారుచేసుకుంటూ పోతుంది. తిన్న మాంసకృత్తులు కూడా ఆరోగ్యంగా ఉన్నప్పటిలా కండగా మారవు. మరోపక్క జీడీఎఫ్-15 అనే పదార్థం మెదడు అడుగు భాగానికి వెళ్ళి ఆకలిని చంపేస్తుంది, వికారం పుట్టిస్తుంది. అంటే తినక చిక్కిపోవడం ఎంతో, చిక్కబరిచే జబ్బే తినకుండా చేయడం కూడా అంతే.

దీనికి వైద్యంలో కేకెక్సియా అని పేరుంది. పేరు గ్రీకుల నాటిది, చెడ్డ స్థితి అని అర్థం. 2011లో నిపుణులు కలిసి దానికి ఒక నిర్వచనం రాసుకున్నారు. మామూలు పస్తుల వల్ల కాకుండా ఆరునెలల్లో బరువు 5 శాతానికి మించి తగ్గితే కేకెక్సియా అనాలి. బీఎమ్‌ఐ 20 కన్నా తక్కువున్నవాళ్ళకైనా, కండ తక్కువున్నవాళ్ళకైనా 2 శాతం దాటినా చాలు, అలాగే అనాలి. మా పుస్తకంలో అయిదు నెలలకి 7 శాతం పైనే ఉంది. పుస్తకం రాసింది నేనే, నిర్వచనం ఉన్నట్టు తెలియనిదీ నేనే. కానీ ఆ పుస్తకాన్ని ప్రతిసారీ తిరగేసి చూసిన వైద్యులకి ఆ నిర్వచనం తెలుసు. బొద్దు మనిషి కావడం వల్ల ఆ మాట ఎవరి నోటా రాలేదు. సన్నటి మనిషి అదే ఆరు కిలోలు తగ్గి ఉంటే మొదటి నెలలోనే కంగారు పడేవారు. లావుగా ఉన్నవాళ్ళకి జరిగే అన్యాయం ఇది. వాళ్ళ ఒంట్లోంచి ఏది పోయినా మంచికే అనుకుంటారు.

నా వాదనకి ఎదురు వాదన ఉంది. దాన్ని దాచిపెట్టి రాయడం నాకిష్టం లేదు. కండ తక్కువున్నవాళ్ళు త్వరగా పోతారన్నది ఒక సంగతి. కండ పెంచితే ఎక్కువకాలం బతుకుతారన్నది వేరే సంగతి. మొదటిదానికి సాక్ష్యం బోలెడుంది, రెండోదానికి అంత లేదు. జబ్బు తీవ్రతే కండని కరిగిస్తుంటే, కండ ఒక కొలబద్ద మాత్రమే కావచ్చు. అనమోరెలిన్ అనే మందు ఇస్తే కొవ్వు మినహా మిగతా ఒంటి బరువు పెరిగింది, కానీ పిడికిలి బిగువు పెరగలేదు. జపాన్‌లో దానికి అనుమతి ఉంది, అయినా మనిషి కోరుకునేది స్కాన్‌లో అంకె కాదు కదా, సీసా మూత తిప్పగలగడం. జీడీఎఫ్-15ని అడ్డుకునే పాన్‌సెగ్రోమాబ్ అనే మందుని 187 మంది మీద పరీక్షించి 2024లో ఫలితాలు చెప్పారు. ఎక్కువ మోతాదు తీసుకున్నవాళ్ళు 12 వారాల్లో, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళ కన్నా సుమారు 2.8 కిలోలు ఎక్కువ బరువు పెరిగారు. ఆశ కలుగుతుంది. కానీ 12 వారాల బరువుని చూసి ఆయుష్షు గురించి మాట్లాడకూడదు.

"మరి ఏమీ చేయలేనప్పుడు కొలవడం దేనికి, రోగికి ఇంకో టెన్షన్ తప్ప?" అని ఒక డాక్టరు నన్నే అడిగారు. నిజాయితీగా అడిగిన ప్రశ్న. నా జవాబు కూడా నిజాయితీదే. ఏమీ చేయలేమన్నది సరికాదు. క్యాన్సర్ రోగులకి పోషకాహారం గురించి యూరప్ నిపుణుల సంఘం ఎస్పెన్ మార్గదర్శకాలు రాసింది. కిలో బరువుకి రోజుకి 1 గ్రాము కన్నా ఎక్కువ, వీలైతే 1.5 గ్రాముల దాకా మాంసకృత్తులు ఇవ్వమంటుంది. దాంతోపాటు కండకి పనిచెప్పే వ్యాయామం చేయించమంటుంది. పెద్దమ్మకి ఎవరూ ఆ లెక్క చెప్పలేదు. "బలమైన తిండి పెట్టండి, బాగా విశ్రాంతి తీసుకోనివ్వండి" అన్నారు. మేం ఆ రెండో మాటని అక్షరాలా పాటించాం. గ్లాసు కూడా మంచం దగ్గరికే అందించాం. ఏ జబ్బూ లేని పెద్దవయసు మనుషుల్ని పది రోజులు మంచానికి పరిమితం చేస్తే కాళ్ళ నుంచే దాదాపు కిలో కండ పోయిందని 2007లో ఒక ప్రయోగం చూపించింది. మా ప్రేమతో మేం ఎన్ని పది రోజులు అలా పడుకోబెట్టామో లెక్కేసుకుంటే కడుపులో దేవినట్టవుతుంది.

ఆకలికీ ఏదో ఒకటి చేయొచ్చు. పుదుచ్చేరిలోని జిప్మర్ వైద్యులు 2023లో ఒక ప్రయోగం ప్రచురించారు. ముదిరిన ఊపిరితిత్తుల, పొట్ట, కాలేయం, క్లోమం క్యాన్సర్లవాళ్ళకి కీమోతోపాటు ఓలాంజపిన్ రోజుకి 2.5 మిల్లీగ్రాములు ఇచ్చారు. బరువు 5 శాతానికి మించి పెరిగినవాళ్ళు ఆ మందు తీసుకున్నవాళ్ళలో 60 శాతం, తీసుకోనివాళ్ళలో 9 శాతం. ఎప్పట్నించో ఉన్న మందే అది. నోటిపూత, వికారం, మలబద్ధకం, నొప్పి, మనసు దిగులు, వీటిలో ప్రతి ఒక్కటీ ముద్దని ఆపేదే, వీటిలో చాలావాటికి మందు ఉంది. అడిగితే కదా ఇచ్చేది. కంచం ముందు మేం పెట్టిన పోరు బదులు, "మింగుతుంటే ఎక్కడ నొప్పిగా ఉంది పెద్దమ్మా?" అని ఒక్క ప్రశ్న వేసి ఉంటే ఎంత బావుండేది.

వ్యాయామం సంగతికొస్తే, 2025లో ఛాలెంజ్ అనే ప్రయోగం ఫలితాలు వచ్చాయి. పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషనూ కీమో పూర్తయిన 889 మందిలో సగం మందికి మూడేళ్ళపాటు పక్కనుండి వ్యాయామం చేయించారు. మిగతా సగానికి ఆరోగ్య సలహాల పుస్తకాలు ఇచ్చారు. ఎనిమిదేళ్ళ తర్వాత మొదటి గుంపులో 90.3 శాతం మంది, రెండో గుంపులో 83.2 శాతం మంది బతికి ఉన్నారు. వాళ్ళు చికిత్స అయిపోయి, నడవగలిగిన స్థితిలో ఉన్నవాళ్ళు. పెద్దమ్మలాంటివాళ్ళకి దాన్ని యథాతథంగా అన్వయించలేం. కానీ క్యాన్సర్ వచ్చినవాళ్ళు కదలకూడదన్న మాట ఇకమీదట ఎవరన్నా అంటే నేను ఊరుకోలేను.

ఏమీ చేయలేని దశ కూడా ఒకటుంది, అదీ నిజం. 2011 నిర్వచనం దాన్నీ గుర్తించింది. జబ్బు ఏ మందుకీ లొంగకుండా పోయి, ఆయువు నెలల్లోకి వచ్చేసినప్పటి కేకెక్సియాని వెనక్కి తిప్పలేమని చెప్పింది. అప్పుడు కూడా కొలత పనికొస్తుందని నా నమ్మకం, వేరే విధంగా. పెద్దమ్మ ఆఖరి వారాల్లో కూడా మేం చెంచాతో పోస్తూనే ఉన్నాం. సగం పెదవి పక్కనుంచి కారేది. "ఇది ఇక తిండితో ఆగేది కాదమ్మా, నోరు తడుపుతూ ఉండండి చాలు" అని ఎవరైనా స్పష్టంగా చెప్పి ఉంటే, ఆ చెంచా కింద పెట్టేసేవాళ్ళం. ఆ సమయమంతా ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చునేదాన్ని. ఆవిడకి ఇష్టమైన కబుర్లు చెప్పేదాన్ని.

కాబట్టి కొలవమనే అంటాను. రేడియాలజీవాళ్ళు రిపోర్టు చివర ఒక వాక్యం రాయాలి, కండ ఇంత, పోయినసారి కన్నా ఇంత తేడా అని. చేత్తో గీతలు గీసుకుంటూ కూర్చోక్కర్లేదు, సెకన్లలో లెక్క కట్టే సాఫ్ట్‌వేర్లు వచ్చేశాయి. క్యాన్సర్ వైద్యులు ఆ వాక్యాన్ని మోతాదు నిర్ణయించేటప్పుడు కళ్ళ ముందు పెట్టుకోవాలి. మోతాదుని కండ లెక్కతోనే వేయాలని చెప్పేంత సాక్ష్యం ఇంకా లేదు, ఆ మాట నేను అనను. కానీ ఈ మనిషిని వారానికోసారి పలకరించాలి, ఈ మనిషిని మూడు వారాల దాకా వదిలేయొచ్చు అని తేడా చూడడానికి ఆ వాక్యం చాలు. ఆహార నిపుణుల దగ్గరికీ, ఫిజియోథెరపీకీ మొదటి వారంలోనే పంపాలి. ఆర్నెల్ల తర్వాత మనిషి ఎముకల గూడయ్యాక కాదు.

ఇంట్లో ఉండే మనం చేయగలిగింది ఇంకా తేలిక. ఇప్పుడు మా బాబాయికి ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి చికిత్స జరుగుతోంది. అదే పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, ఈసారి గళ్ళు ఎక్కువ గీశాను. తేదీ, బరువు. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడుతోందా లేదా. చేతులు కట్టుకుని కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలుగుతున్నాడు. సీసా మూత ఎవరు తీశారు. మూడో కీమోకి వెళ్ళినప్పుడు ఆ పేజీ డాక్టరు ముందు పెట్టి, "బరువు తగ్గలేదండీ, కానీ కుర్చీలోంచి లేవడం 11 నుంచి 8కి పడిపోయింది" అని చెప్పాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టి, పేజీ తన వైపు తిప్పుకుని మొదట్నించీ చదివింది. తర్వాత స్కాన్ తెరిచి ఎల్3 దగ్గర ఆపింది. ఆ రోజే ఫిజియోథెరపీకి రాసిచ్చింది.

బాబాయి రోజూ పొద్దున్నా సాయంత్రమూ కుర్చీ దగ్గర నిలబడి నన్ను లెక్కపెట్టమంటాడు. నిన్న సాయంత్రం గడిలో 9 అని రాశాను. "పదోది సగం లేచాను, అది కూడా వెయ్యవే" అన్నాడు. పక్కన అర అని కూడా రాశాను.